కోరుకిచ్చిన మోకాలు

మా ముత్తాత తాలూకా ఖాజీ. ఆయనకు మూడు తరాల ముందువాడు కడప నవాబుల చివరి రోజుల్లో ఖిలేదారు. కోట తాళాలు ఆయన తలగడ కింద ఉండేవని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా నాన్న తండ్రి, మేము దాదా అని పిలిచే ఆయన, పెన్న పక్కన మూడు ఊళ్లకు ఇనాందారు. ఇంట్లో మాట ఉర్దూ, కళ్లంలో మాట తెలుగు. దాదా రెండింటిలోనూ తక్కువే మాట్లాడేవాడు. ఆయన ఎదురొస్తే బండివాళ్లు ఎద్దులను పక్కకు తోలి నిలబడేవాళ్లు. తరవాత ఇనాంలు రద్దయ్యాయి, అన్నదమ్ములు కోర్టుకెక్కారు, మా నాన్న నూనె మిల్లులో గుమాస్తాగా చేరాడు. నేను సౌదీలోని రాబిగ్‌లో, రిఫైనరీకి మరమ్మతు పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేరాను.

గొప్ప చెప్పుకోవడానికి ఇవన్నీ రాయడం లేదు. చెప్పుకుంటే వినేవాళ్లూ లేరు. నా మోకాలికి వచ్చే పరిహారంలో నాలుగో వంతు ఒక వకీలుకు ఇస్తానని సంతకం పెట్టిన రోజు నేను ఏమనుకుని పెట్టానో తెలియాలంటే ఇవి తెలియాలి. ఇంకొకటి కూడా తెలియాలి. మా నేలను మేము ఎన్నడూ దున్నలేదు, కోరుకు ఇచ్చేవాళ్లం. మా వైపు కోరు అంటే రైతు కష్టపడతాడు, పంట వచ్చాక భూమిగలాయన భాగం ఆయనకు కొలుస్తాడు. పంట ఎండిపోతే ఇద్దరికీ ఏమీ లేదు. గుత్త అంటే అలా కాదు, పండినా ఎండినా ముందు ఒప్పుకున్నది చెల్లించాల్సిందే. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ రెండు మాటల మధ్యే పెరిగాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, మా క్యాంపు ఎదుటి బకాలాలో, అంటే చిల్లర కొట్టులో, రొట్టె, పెరుగు కొనుక్కుని బయటికి వచ్చాను. కొట్టు పక్క సందులోంచి టమాటా పెట్టెల పికప్ ఒకటి వెనక్కి వచ్చి నన్ను కొట్టింది. పెరుగు డబ్బా పగల్లేదు. మోకాలు పగిలింది. డ్రైవరు చెడ్డవాడేమీ కాదు, తనే ఎత్తి కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కాని ట్రాఫిక్ వాళ్లు అడిగినప్పుడు, నేను అటూ ఇటూ చూడకుండా బండి వెనక్కి నడిచి వచ్చానని చెప్పాడు. నాకు అప్పుడు మత్తు ఇచ్చి ఉన్నారు. తప్పు సగం అతనిది, సగం నాది అని రిపోర్టు వచ్చింది. బీమా కంపెనీ పట్టుకునేది ఆ రిపోర్టునే. సగం తప్పు నాదైతే పరిహారమూ సగమే.

విరిగిన ఎముకను మా కంపెనీ ఆరోగ్య బీమాతో అతికించారు. లోపల తెగిన లిగమెంటు ఆపరేషన్‌కు మాత్రం ఆ బీమా ఒప్పుకోలేదు. జిద్దాలో ఎముకల డాక్టరు ఎమ్మారై చూసి, ఆపరేషన్ చేయించుకుంటే ఈ కాలు నిచ్చెన ఎక్కుతుంది, లేకపోతే ఎక్కదు అని చెప్పాడు. స్టోర్‌లో పైపులు, వాల్వులు, బోల్టుల డబ్బాలు కప్పు దాకా ఉంటాయి. నా పనిలో సగం నిచ్చెన మీదే. మా మేనేజరు మర్యాదస్తుడు, నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చెప్పాడు: ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, దాని గడువు వచ్చేలోపు కాలు బాగైతే రెన్యూ చేయిస్తాం, కాకపోతే ఫైనల్ ఎగ్జిట్, ఇంటికే. ఆ పరిహారం వస్తే ఆపరేషన్, ఆపరేషన్ అయితే ఉద్యోగం. అంతే విషయం.

నా గదిలో ఇంకొకాయన ఉండేవాడు. కరీంనగర్ వైపు మనిషి, ఏసీ టెక్నీషియన్, నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను మామూలుగా సాబ్ అనేవాడు, కోపం వస్తే నవాబ్‌సాబ్ అనేవాడు. వకీళ్లంటే ఆయనకు అసలు నమ్మకం లేదు. బీమా వాళ్లు ఇచ్చిన సగం కళ్లకద్దుకుని తీసుకుని ఊరుకోమని, వకీలు దగ్గరికి పోతే ఆ సగంలో కూడా వాటా పోతుందని ఆయన సలహా. నేను వినలేదు. లేని తప్పును నా పేరు మీద రాస్తే ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. దాదా అన్నదమ్ముల మీద కోర్టుకెక్కిందీ అందుకే, ఉన్నదంతా పోగొట్టుకున్నదీ అందుకే.

చేతికర్రతో బస్సెక్కి జిద్దా వెళ్లాను. వకీలు సౌదీ మనిషి, ముప్పై దాటి ఉండవు. అక్కడి మర్యాద ప్రకారం నన్ను ‘యా అమ్మ్’ అని, అంటే బాబాయ్ అని పిలిచాడు. గుక్కెడు పట్టే చిన్న కప్పులో గహ్వా, వాళ్ల కాఫీ, తనే పోసి ఇచ్చాడు. ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా హైదరాబాదీ. అరబ్బీలో నాకు అందని చోట ఉర్దూలో చెప్పాడు.

రెండు దారులున్నాయన్నాడు వకీలు. ఒకటి, ఫీజు మొత్తం ముందే కట్టేయడం, కేసు గెలిచినా ఓడినా అది తిరిగి రాదు. అంటే గుత్త. రెండోది, ఇప్పుడు ఏమీ ఇవ్వక్కర్లేదు. పరిహారం వస్తే అందులో నాలుగో వంతు ఆయనది, రాకపోతే ఆయనకు ఏమీ లేదు. అది కోరు. కేసులో మనం ఎంత అడిగామన్న దాని మీద కాదు, నిజంగా చేతికి వచ్చిన దాని మీదే వంతు అని వేలితో చూపించి చెప్పాడు. కోర్టుదాకా పోకుండా బీమా వాళ్లతో మధ్యలోనే రాజీ కుదిరినా వంతు అంతేనన్నాడు. నేను నడుమ వకాలా, అంటే వకాల్తా, రద్దు చేసుకుని ఇంకో వకీలు దగ్గరికి పోతే, అప్పటిదాకా చేసిన పనికి మాత్రం కట్టాలన్నాడు. అన్నీ నాకు తెలిసిన సంగతుల్లాగే ఉన్నాయి. పంట చేలో ఉండగా రైతును మారిస్తే పాతవాడి దుక్కికి లెక్క కట్టి ఇవ్వడం మా దగ్గరా ఉంది.

నేను ఒక్కటే అడిగాను. “విత్తనాల ఖర్చు ఎవరిది?”

గుమాస్తా నా ముఖం చూశాడు. విడమరిచి చెప్పాను. ఆసుపత్రి కాగితాలు తర్జుమా చేయించాలి, ఇంకో డాక్టరు దగ్గర అభిప్రాయం రాయించాలి, ఇంకా ఏవేవో కట్టాలి. ఆ ఖర్చు రాశి పంచకముందే తీస్తారా, లేక పంచాక నా భాగంలోంచి తీస్తారా? గుమాస్తా అరబ్బీలో చెప్పాడు. వకీలు కప్పు కింద పెట్టి, సాధారణంగా కేసు ఇచ్చినవాళ్ల భాగంలోంచే తీస్తామన్నాడు. మా దగ్గర ముందు రాశి మీద తీస్తారు, మిగిలినదే పంచుతారు అన్నాను. ఆయన న్యాయమే అని ఆ వాక్యం మార్పించాడు. ఇంతవరకు ఇది అడిగినవాళ్లు లేరన్నాడు. అక్కడే ఫోన్‌లో ఆయన పేర వకాలా ఇచ్చేశాను.

రాబిగ్‌కు తిరిగివచ్చే బస్సులో, చాలా కాలం తరవాత, నన్ను నేను ఎరిగినట్టనిపించింది. ఈ దేశంలో ఇన్నేళ్లుగా ఎవరో చెప్పిన చోట సంతకం పెడుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం నా పొలాన్ని నేనే కోరుకు ఇచ్చినట్టు, నా షరతు మీద ఇచ్చినట్టు ఉండింది.

పొలం కోరుకు ఇచ్చాక భూమిగలాయన రాశి రోజు దాకా అటు పోకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు. మా ఇంట్లో అందరూ పాటించారు. గట్టు మీద నిలబడి చూస్తే, నీ మీద నాకు నమ్మకం లేదని రైతుకు చెప్పినట్టు. ఒక ఏడు చెనిక్కాయ చేనుకు పురుగు పట్టిందని ఎవరో వచ్చి చెబితే, వెళ్లి చూసి రమ్మని మా నాన్న అడిగాడట. దాదా తలపాగా కూడా తీసుకోకుండా కూర్చునే అన్నాడట: “ఇచ్చినాంక చూడబోతే, ఇయ్యనట్లే.”

నేనూ పోలేదు. ఫోన్ కూడా చేయలేదు. నెల దాటక ముందే గుమాస్తా నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. ట్రాఫిక్ రిపోర్టు మీద అభ్యంతరం వేస్తున్నారట. బకాలా గుమ్మం పైన కెమెరా ఉంది కదా, ఆ శుక్రవారం రికార్డింగు దొరికితే తప్పు మొత్తం పికప్‌దేనని తేలిపోతుందట. దుకాణదారు రోజూ మిమ్మల్ని చూసేవాడు, మీరడిగితే ఇస్తాడు, వకీలు ఆఫీసు నుంచి వచ్చామంటే బెదిరిపోయి యజమానిని అడగాలంటాడు, కాబట్టి మీరే అడిగి పెట్టండి అన్నాడు. నాలుగు రోజులకు ఇంకో మెసేజి. తరవాత ఇంకొకటి.

వినడం విన్నాను. జవాబుగా, ఆ పని మీరే చూసుకోండి, నా అభ్యంతరం ఏమీ లేదు అని మర్యాదగా పంపాను. నీళ్లు కట్టుకోవడం కోరుకు చేసేవాడి పని. నీళ్లు నేను కట్టేటట్టయితే నాలుగో వంతు దేనికి? ఇంకో సంగతి కూడా ఉంది. ఆ దుకాణంలో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రేపు ఇస్తానని నేను అనలేదు. గల్లా ముందు నిలబడి, అయ్యా నాకో సాయం చెయ్యి అని ఆయనను అడగడం నాకు ఎట్లా మొదలుపెట్టాలో తెలియదు.

గదిలో ఉన్నాయన మెసేజీలన్నీ విన్నాడు. మా గదిలో దాచేందుకు చోటు లేదు.

“అడుగు సాబ్,” అన్నాడు. “అడిగితే నోట్లెకెళ్లి ముత్యాలు రాలుతయా?”

“అది వకీలు పని. వంతు ఇస్తున్నది అందుకే.”

“వంతు ఆయన తీస్కుంటడు. కాలు నీ తానే ఉంటది.”

నేను పక్కమీద కాలు చాపుకుని కూర్చున్నాను. ఆయన చెప్పులు వేసుకుని, నేనే పోయి అడిగొస్త, దుకాణపాయన నాకు ఎరికే అన్నాడు. వద్దన్నాను. నా కోసం నువ్వు చెయ్యి చాపితే నేను చాపినట్టే అన్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడి నన్ను చూశాడు.

“గిది పొలం గాదు నవాబ్‌సాబ్. ఉండు, నీ గడీల నువ్వుండు.”

చెప్పులు విప్పేసి స్టవ్ దగ్గరికి పోయాడు. ఆ వారమంతా నాతో వంట గురించి తప్ప మాట్లాడలేదు. నాకు తెలియకుండా వెళ్లి అడిగి ఉండవచ్చు కదా అని తరవాత ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు. వద్దన్నాక చేయడం ఆయనకూ నామోషీ. నామోషీ నా ఒక్కడి సొత్తు అని అప్పటిదాకా అనుకునేవాణ్ని.

చివరికి గుమాస్తానే ఆఫీసు కాగితం పట్టుకుని రాబిగ్ వచ్చాడు. అప్పటికి రంజాన్ నోంబు నెల మొదలైంది. అతను ముందు దుకాణానికి వెళ్లి, తరవాత మా గదికి వచ్చి, మంచం అంచున కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. దుకాణదారు భయపడనూ లేదు, కాదననూ లేదట. మెషిన్ తెరిచి చూపించాడట. ఆ కెమెరా పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. మా శుక్రవారం ఎప్పుడో చెరిగిపోయింది. మొదటి మెసేజి వచ్చిన నాడు ఉండేదా అని అడిగాను. ఉండేదన్నాడు. తిట్టలేదు, సలాం చెప్పి లేచాడు. ఎండలో అతను టాక్సీ కోసం నడుస్తుంటే నేను కర్ర పట్టుకుని గేటు దాకా వెళ్లాను, అతిథి కదా.

అభ్యంతరం నిలవలేదు. డ్రైవరు మాట ఒకటి, నా మాట ఒకటి, మధ్యలో ఏమీ లేదు. బీమా కంపెనీ సగం ఇస్తామంది. కోర్టుకు వెళితే ఇంకొంత రావచ్చు, రాకపోవచ్చు, ఇఖామా గడువు లోపల మాత్రం తేలదు అని వకీలు కబురు పంపాడు. ఒప్పుకున్నాను. డబ్బు వచ్చిన రోజు జిద్దాకు బయల్దేరాను. రాశి రోజు వెళ్లాలి కదా.

ఆ రోజు వాళ్ల లిఫ్టు పని చేయడం లేదు. రెండంతస్తులు గోడ పట్టుకుని ఎక్కాను. పైకి చేరేసరికి చొక్కా తడిసిపోయింది. వకీలు గుమ్మంలోకి వచ్చి నేను ఎక్కడమంతా చూస్తూ నిలబడి ఉన్నాడు. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, గుమాస్తా చేత లెక్క చదివించాడు. ముందు ఖర్చులు తీశారు, మాట ప్రకారం. మిగిలినదాన్ని నాలుగు చేశారు. నాలుగు వంతులూ నా చేతికి వస్తే ఆపరేషన్‌కు సరిగ్గా సరిపోతుంది. మూడైతే సరిపోదు. ఈ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. నా కాగితాలన్నీ వాళ్లే తర్జుమా చేయించారు మరి.

“యా అమ్మ్, ఈ కేసులో నా వంతు నాకు వద్దు,” అన్నాడు వకీలు. “మా మనిషిని మొదటి వారమే రాబిగ్ పంపాల్సింది. మీరు ఆపరేషన్ చేయించుకోండి.”

గుమాస్తా దాన్ని ఉర్దూలో చెప్పబోయాడు. అక్కర్లేదు, నాకు అర్థమైంది.

వానలు లేని ఏడు దాదా కూడా కోరు వదిలేసేవాడు. నేను చిన్నవాణ్నిగా ఉన్నప్పుడు ఒకసారి చూశాను. రైతు తువ్వాలు నడుముకు చుట్టుకుని, రాశి పక్కన నేల చూస్తూ నిలబడ్డాడు. దాదా చేత్తో అట్లా అన్నాడు, తీసుకుపో అన్నట్టు. ఆ ఏడు ఆ ఇంట్లో పిల్లలు తిన్నారు. అది మంచి పనే, నేను కాదనను. కాని ఆ తరవాత ఆ రైతు మా ముందు ఇదివరకటి కన్నా రెండడుగులు వెనక నిలబడేవాడు. వదిలేసేవాడే భూమిగలాయన. మాఫీ పుచ్చుకున్నవాడికి తానెవరో తెలుసు.

“ఒప్పందంలో అట్లా లేదు,” అన్నాను.

“ఒప్పందం నాది కూడా. నా భాగం నేను వదులుకోవచ్చు.”

“పుచ్చుకునేవాడు ఒప్పుకుంటేనే వదలడం. నేను ఒప్పుకోవడం లేదు. పని చేశారు, మీ వంతు తీసుకోండి.”

గుమాస్తా నా వైపు కుర్చీ జరుపుకున్నాడు. నెమ్మదిగా, మా ఉర్దూలో అన్నాడు: “భాయ్‌సాబ్, ఇది జకాత్ కాదు, దానం కాదు.”

“కాకపోతే మరీ మంచిది. తీసుకోమనండి.”

వకీలు నాతో వాదించలేదు. వంతులో సగమైనా తగ్గిస్తానన్నాడు, దానికీ నేను తల అడ్డంగా ఆడించాను. చివరికి కాగితం నా ముందు పెట్టాడు, సంతకం చేశాను. గహ్వా తాగాను. మెట్లు దిగేటప్పుడు ఆయన నాకన్నా ఒక మెట్టు ముందు, నేను పడితే పట్టుకునేటట్టు, వెనక్కి తిరిగి దిగాడు.

గదికి వచ్చి జరిగింది చెప్పాను. ఏసీ టెక్నీషియన్ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు, ఆపలేదు. పాలివాళ్లకు కూడా ఎవడూ ఇట్లా ఇయ్యడు సాబ్, ఆయన వద్దన్నా ఇచ్చినవా అని మళ్లీ మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాడు. తరవాత చాలాసేపటికి, నూనెలో తాలింపు వేసి, నా వైపు చూడకుండా అన్నాడు:

“పైసల కోసం రానట్టు వచ్చినవ్. గట్లనే పోతున్నవ్.”

ఆ రాత్రి నాకు ముందు వడ్డించాడు.

ఇఖామా గడువు వచ్చింది. మేనేజరు మళ్లీ టీ ఇప్పించాడు. ఫైనల్ ఎగ్జిట్ పడ్డాక నా పెట్టె కట్టింది, బస్సు దాకా మోసింది కరీంనగరాయనే. బస్సు ఆగిన చోటి నుంచి ఆ బకాలా కనిపిస్తుంది. దుకాణదారు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. నా మాట నెగ్గిందా అని దారిలో నన్ను నేను అడగలేదు. మోకాలు నొప్పిగా ఉంది. సీటు ముందు చోటు చాలక పక్కకు చాపుకుని కూర్చున్నాను. నేను తప్పు చేశానని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. నా స్థానంలో దాదా ఉన్నా ఇంతే చేసేవాడని నేనంటాను. అది సమాధానం కాదని నాకు తెలుసు. వేరే సమాధానం నా దగ్గర లేదు.

ఆపరేషన్ తిరుపతిలో అయింది, ఆలస్యంగా అయినందుకు కాలు పూర్తిగా వంగదు. మూడు వంతులూ చాలక తక్కువ పడినదాని కోసం ఊళ్లో ఇంటి ముందు భాగం విప్పించి, టేకు దూలాలు, రెండు ద్వారబంధాలు ప్రొద్దుటూరు వ్యాపారికి అమ్మాం.